వెళ్లిపోయినవారి సాక్ష్యం



మాస్టారి పేర జరిగే ఈ స్మారకోపన్యాసం ఈ ఏడాది పుస్తకాల మీద ఉండాలని నిర్వాహకులు కోరారు. నేను ఎంచుకున్న విషయం కొందరికి ఇబ్బందిగా తోచవచ్చు. క్రీస్తు పేరు చెప్పుకునే మూసిన లోకాల్లోంచి బయటపడ్డవాళ్లు రాసుకున్న ఆత్మకథలు, అలాంటి లోకాల మీద వచ్చిన నవలలు, ఈమధ్య నా చదువంతా వీటి చుట్టూనే తిరిగింది. మాస్టారు ఉండి ఉంటే అభ్యంతరం చెప్పేవారు కాదు. ఆదివారం పొద్దున సంఘంలో వాక్యం చెప్పి, మధ్యాహ్నం వరండాలో కూర్చుని నవల చదువుకునే మనిషి ఆయన. ఆయన బీరువాలో భక్తుడు బన్యన్ పక్కనే దేవుణ్ని నమ్మని రస్సెల్ ఉండేవాడు. వాళ్లిద్దరికీ పేచీ లేదు, పేచీ అంతా మనకే అనేవారు.

కల్ట్ అనే మాటను మనం కోపంలో వాడేస్తుంటాం. నచ్చని ప్రతి సంఘాన్నీ కల్ట్ అనేస్తే ఇక మాట్లాడుకోవడానికేమీ మిగలదు. గంటలకొద్దీ ప్రార్థించడం, ఉపవాసాలుండటం, నగలు పెట్టుకోకపోవడం, సినిమాకు వెళ్లకపోవడం, వీటిలో ఏదీ నేరం కాదు. బయటివాడికి వింతగా కనిపించే నమ్మకం లేని మతం ప్రపంచంలో లేదు. ఈ పుస్తకాలన్నీ చదివాక నాకు తేలింది ఇది: ఒక సంఘం మంచిచెడ్డలు తెలియాలంటే అది ఏం నమ్ముతుందో అడిగితే చాలదు, దాన్ని వదిలి వెళ్లినవాణ్ని అది ఏం చేస్తుందో చూడాలి. వెళ్లినవాడితో కన్నతల్లి మాట్లాడవచ్చా? అతని పక్కన కూర్చుని అన్నం తినవచ్చా? నేను చదివిన పుస్తకాల్లో చాలావాటికి ఈ భోజనం దగ్గరే ముడి పడుతుంది.

ఈ రకం రచనలకు పెద్దదిక్కు 1907లో వచ్చిన ‘ఫాదర్ అండ్ సన్’. ఎడ్మండ్ గాస్ మొదట దాన్ని తన పేరు లేకుండానే అచ్చువేయించాడు. తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ సముద్ర జీవుల మీద పరిశోధన చేసిన పేరున్న శాస్త్రవేత్త. తల్లీ తండ్రీ ఇద్దరూ ప్లిమత్ బ్రదరన్ సహవాసంలోని వాళ్లు. ఆ ఇంట్లో కథల పుస్తకాలకు చోటు లేదు, కల్పించి చెప్పడం పాపమని తల్లి నమ్మకం. 1857లో ఆమె క్యాన్సర్‌తో చనిపోయేనాటికి పిల్లవాడికి ఏడేళ్లు. ఆ ఏడాది క్రిస్మస్‌కు పనివాళ్లు తమకోసం చేసుకున్న పుడ్డింగ్‌లో చిన్న ముక్క అతనికి పెట్టారు. క్రిస్మస్ అన్యుల పండుగ అని తండ్రి పట్టుదల. పిల్లవాడు భయపడిపోయి తండ్రికి చెప్పేశాడు. ఆయన మిగిలిన పుడ్డింగ్‌ను అందుకుని పరుగున వెళ్లి బూడిదకుప్పలో కూరేశాడు. ఇంకోసారి ఆ పిల్లవాడు ఒక కుర్చీని బల్ల మీదికెక్కించి దానికి మొక్కాడు. విగ్రహారాధన చేస్తే దేవుడేం చేస్తాడో చూద్దామని. ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడంలోంచే ఒక విమర్శకుడు పుట్టాడు.

గాస్ తండ్రిని రాక్షసుణ్ని చేయలేదు. సముద్రపు ఒడ్డున రాళ్ల గుంటల్లో వంగి కొడుక్కి జీవుల్ని చూపించిన తండ్రి కూడా ఆ పుస్తకంలో ఉన్నాడు. ఆ ప్రేమ నిజమైనది కాబట్టే విడిపోవడం అంత నొప్పి. ఈ పుస్తకం వచ్చి నూరేళ్లు దాటినా తర్వాతివాళ్లలో మంచి రచయితలంతా ఈ దారిలోనే నడిచారు. వదిలేసినదాన్ని ప్రేమించానని ఒప్పుకోనివాళ్ల పుస్తకాలు ఆరోపణ పత్రాల్లా మిగిలిపోతాయి.

ఇది మనకు సంబంధం లేని దొరల కథ అనుకోకండి. ఆ బ్రదరన్ ఉద్యమానికి గట్టి పట్టున్న ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతం నుంచే విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో సహా 1836లో మన దేశానికి వచ్చారు. నరసాపురంలో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. పాదిరి అంటూ ప్రత్యేకంగా లేకుండా సహోదరులంతా కూర్చుని రొట్టె విరుచుకునే ఆరాధన గోదావరి జిల్లాల్లో నేటికీ సాగుతోంది. అయితే 1848లో ఇంగ్లండ్‌లో ఈ ఉద్యమం రెండుగా చీలింది. తగాదా ప్రభువు బల్ల దగ్గర ఎవరిని చేర్చుకోవాలన్నదాని మీద. తప్పుడు బోధ ఉన్నదన్న సంఘం నుంచి వచ్చిన మనిషిని, అతను స్వయంగా ఆ బోధను నమ్మకపోయినా సరే, చేర్చుకోకూడదని జాన్ నెల్సన్ డార్బీ పక్షం పట్టుబట్టింది. బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ ఉన్న సంఘం మనిషిని చూసి నిర్ణయిద్దామంది. మొదటిది ఎక్స్‌క్లూజివ్, రెండోది ఓపెన్ అనిపించుకున్నాయి. మన గోదావరి సహవాసాలు ఈ రెండో కొమ్మవి. ఒకే బైబిలు, ఒకే రొట్టె, ఒకే నిరీక్షణ. తేడా అంతా బల్ల దగ్గర.

ఆ మొదటి కొమ్మ నూరేళ్లు దాటాక ఎక్కడికి చేరిందో రెబెకా స్టాట్ ‘ఇన్ ద డేస్ ఆఫ్ రెయిన్’లో రాసింది. 2017లో వచ్చిన ఈ పుస్తకానికి జీవితచరిత్రల విభాగంలో కోస్టా బహుమతి దక్కింది. 1960ల్లో ఎక్స్‌క్లూజివ్ బ్రదరన్‌కు న్యూయార్క్‌లో ఉన్న జేమ్స్ టేలర్ జూనియర్ నాయకుడు. సహవాసంలో లేనివాళ్లతో కలిసి తినకూడదు, తాగకూడదు అన్న నియమం ఆయన కాలంలో బిగిసింది. ఒకే ఇంట్లో భర్త లోపలివాడై భార్య బయటిదైతే ఇద్దరికీ రెండు బల్లలు. ముసలి తల్లికి కొడుకు వేరుగా వడ్డించాలి. రేడియో లేదు, టీవీ లేదు. రెబెకా తండ్రి రోజర్ స్టాట్ ఆ సంఘంలో బోధకుడు, ఇళ్లకు వెళ్లి విచారణలు జరిపిన పెద్దల్లో ఒకడు. 1970లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో టేలర్ మీద పెద్ద అపవాదు వచ్చింది. వేలమంది బయటికి వచ్చేశారు, స్టాట్ కుటుంబం కూడా.

బయటికి వచ్చాక రోజర్ సినిమాలు చూశాడు, కవిత్వం చదివాడు, జూదానికి అలవాటు పడ్డాడు, డబ్బు కాజేసిన నేరానికి జైలుకూ వెళ్లాడు. చివరి రోజుల్లో తన జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టి 1960ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. తాను ఎవరెవరిని వెలివేయించాడో అక్కడ రాయాలి. ఆ పని కూతురికి అప్పగించి కన్నుమూశాడు. బాధితుడూ, బాధపెట్టినవాడూ ఒకే మనిషి కావచ్చన్నది ఈ పుస్తకం చెప్పే కష్టమైన సంగతి. వెలివేసే సంఘంలో ఇవాళ తీర్పు చెప్పే పెద్ద రేపు అదే బోనులో నిలబడవలసి రావచ్చు.

ఈ వెలికి వాళ్లు చూపించే ఆధారం పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం. అదే అధ్యాయం ఆధారంగా 1693లో యాకోబ్ అమ్మన్ స్విస్ మెనొనైట్ల నుంచి విడిపోయాడు. వెలిపడ్డవాడితో భోజనం కూడా చేయకూడదన్నది అతని పట్టు. అతని పేరు మీదనే ఆమిష్‌లు ఏర్పడ్డారు. అమెరికాలో ఉంటున్న మన పిల్లలు సెలవురోజుల్లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి వెళ్లి గుర్రపు బండ్లను ఫొటోలు తీసి పంపుతుంటారే, ఆ ఊళ్లు వీళ్లవే. ఆమిష్‌లను కల్ట్ అనడం నాకిష్టం లేదు. వాళ్లు పెద్దయ్యాకే బాప్తిస్మం ఇస్తారు, బాప్తిస్మానికి ముందే వెళ్లిపోయిన పిల్లలకు ఆ వెలి వర్తించదు. తీసుకున్నాక వెళితే మాత్రం వెలి. బెవర్లీ లూయిస్ 1997లో రాసిన ‘ద షన్నింగ్’ ఈ ప్రపంచంలోదే. పాటంటే ప్రాణమైన కేటీ ల్యాప్ ఒక బిషప్‌తో పెళ్లి పీటల దాకా వెళ్లి లేచి వచ్చేస్తుంది, వెలికి గురవుతుంది. తాను పెంపుడు కూతురినని తెలియడం ఆ కథలో అసలు మలుపు. ఈ నవలతో అమెరికా క్రైస్తవ పుస్తకాల దుకాణాల్లో ఆమిష్ కథలకు ఒక అలమరా ఏర్పడింది.

అదే మెనొనైట్ వేరు నుంచి వచ్చిన కెనడా రచయిత్రి మిరియం టేవ్స్ 2004లో ‘ఎ కాంప్లికేటెడ్ కైండ్‌నెస్’ రాసింది. పదహారేళ్ల నోమీ చెప్పే కథ. అక్క వెళ్లిపోయింది, తల్లి వెళ్లిపోయింది. సంఘానికి పెద్ద స్వయానా మేనమామ. తల్లి ఎందుకు వెళ్లిందన్నదానికి నోమీ తనకు తాను ఒక కారణం చెప్పుకుంటుంది: తను ఊళ్లోనే ఉంటే వెలిపడ్డ భార్య కావాలో, ప్రాణంగా నమ్మిన సంఘం కావాలో భర్త తేల్చుకోవాలి. ఆ అవస్థ అతనికి రానివ్వకుండా ఆమే తప్పుకుంది. వెళ్లిపోవడం తిరుగుబాటు అనుకుంటాం. ఇక్కడ అది భర్త మీద ప్రేమతో చేసిన త్యాగం. ఇలా రాయడం కరపత్రానికి చేతకాదు, నవలకే చేతనవుతుంది.

పంక్తిలోంచి లేపేయడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వెలి మన ఊళ్ల పాత ఆయుధం. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, మంగలి రాడు, చాకలి రాడు. మన సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టింది అందుకే. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని బాప్టిస్టు మిషన్ చరిత్ర. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువు రోజులు కాబట్టి తిండికోసం చేరారని అప్పట్లోనే అన్నవాళ్లున్నారు. ఊరు పుట్టుకతోనే వెలిగా ఉంచిన మనిషికి ఒక బల్ల దగ్గర చోటు దొరకడం తిండికన్నా పెద్ద సంగతి. ఆ చరిత్ర ఉన్న సంఘాలు మనవి. అందువల్ల ఒక విషయం నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎన్నో తరాలకు దక్కిన ఆ చోటును పోగొట్టుకుంటానన్న భయం మన విశ్వాసుల్లో ఇంకెవరికన్నా ఎక్కువ. ఆ భయాన్ని వాడుకోవాలనుకునే దైవజనుడికి పని చాలా సులువవుతుంది.

బల్ల తర్వాత డబ్బు. న్యూజిలాండ్ పశ్చిమ తీరాన హౌపిరిలో గ్లోరియావేల్ అనే క్రైస్తవ సమాజం ఉంది. 1969లో స్థాపించిన నెవిల్ కూపర్ తన పేరును హోప్‌ఫుల్ క్రిస్టియన్ అని మార్చుకున్నాడు. 1995లో లైంగిక నేరాలకు శిక్ష పడింది, అయినా తిరిగొచ్చి నాయకుడిగానే కొనసాగాడు. అక్కడ అందరి ఆస్తీ ఉమ్మడి. వినడానికి అపొస్తలుల కార్యాల్లోని తొలి సంఘంలా ఉంటుంది. వెళ్లిపోయేవాడికి మాత్రం చేతిలో చిల్లిగవ్వ ఉండదు, చదువు కాగితం ఉండదు, బయట తెలిసినవాళ్లుండరు. కూపర్ మనవరాలు లీలియా తరావా 2017లో ‘డాటర్ ఆఫ్ గ్లోరియావేల్’ రాసింది. చిన్నప్పటినుంచీ అక్కడ పని చేసిన ముగ్గురు మగవాళ్లు చట్టం దృష్టిలో ఉద్యోగులేనని ఆ దేశపు ఉపాధి న్యాయస్థానం 2022లో తేల్చింది. వంటలూ బట్టలూ చూసిన ఆరుగురు స్త్రీల విషయంలో 2023లో అదే తీర్పు. దేవుడి సేవ అని చేయించుకున్న చాకిరీకి కోర్టు పెట్టిన పేరు ఉద్యోగం.

అమెరికాలో యూటా, ఆరిజోనా సరిహద్దున బహుభార్యాత్వం పాటించే, మోర్మన్ల నుంచి చీలిన ఎఫ్.ఎల్.డి.ఎస్. శాఖలో అప్పట్లో ఇళ్లన్నీ ఒక ట్రస్టువి. నాయకుడికి కోపం వస్తే ఇల్లూ పోయేది, పెళ్లాం పిల్లలూ ఇంకొకరికి కేటాయింపయ్యేవారు. పద్దెనిమిదేళ్లకు తనకన్నా ముప్పై ఏళ్లు పైబడ్డవాడికి భార్యయిన క్యారొలిన్ జెసప్, 2003 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఎనిమిది మంది పిల్లల్ని వ్యానులో ఎక్కించుకుని బయటపడింది. ఆమె రాసిన ‘ఎస్కేప్’ 2007లో వచ్చింది. అంతమంది పిల్లలున్న స్త్రీ ఎందుకు వెళ్లదు అని అడగడం తేలిక. ఏ పిల్లను వదిలేసి వెళ్లాలి అన్నది ఆమెకు ఎదురయ్యే ప్రశ్న.

తలుపు మూసేయడం చివరికి ఎక్కడికి దారితీస్తుందో 1978 నవంబర్ 18న గయానాలోని జోన్స్‌టౌన్ చూపించింది. జిమ్ జోన్స్ మామూలు క్రైస్తవ బోధకుడిగానే మొదలయ్యాడు. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒకే సంఘంలో కూర్చోబెట్టాడు, ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టాడు. ‘సిడక్టివ్ పాయిజన్’ రాసిన డెబొరా లేటన్ అతని డబ్బు వ్యవహారాలు చూసిన మనిషి. ఆ ఏడాది మే నెలలో అమెరికా రాయబార కార్యాలయం సాయంతో తప్పించుకుని, జరగబోయేదాన్ని జూన్‌లోనే ప్రమాణపత్రంగా రాసిచ్చింది. క్యాన్సర్‌తో ఉన్న తల్లి అక్కడే ఉండిపోయింది, అక్కడే పోయింది. నవంబర్‌లో కాంగ్రెస్ సభ్యుడు లియో రయన్ అక్కడికి వెళ్లినప్పుడు దాదాపు వెయ్యిమందిలో పదిహేను మంది దాకా, మేం వచ్చేస్తాం అన్నారు. అంతే. ఆ కొద్దిమంది వెళ్లిపోవడం జోన్స్ భరించలేకపోయాడు. విమానం దగ్గర కాల్పులు, తర్వాత విషం. మొత్తం 918 మంది చనిపోయారు. వాళ్లలో ఇంచుమించు మూడోవంతు పిల్లలు.

ఇంత చీకటి చెప్పాక, మనుషులు ఎలా బయటపడతారన్నది కూడా చెప్పాలి. కాన్సస్ రాష్ట్రం టొపీకాలోని వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి సైనికుల అంత్యక్రియల దగ్గర ద్వేషం రాసిన అట్టలు పట్టుకుని నిలబడే చిన్న సంఘం. దాదాపు అందరూ ఒకే కుటుంబం. సంస్థాపకుడు ఫ్రెడ్ ఫెల్ప్స్ మనవరాలు మేగన్ ఫెల్ప్స్-రోపర్ ఐదేళ్ల వయసునుంచీ ఆ అట్టలు పట్టుకుంది. పెద్దయ్యాక ట్విటర్‌లో సంఘం తరఫున వాదించేది. అక్కడ కొందరు ఆమెను తిట్టకుండా మాట్లాడారు. వాళ్లలో డేవిడ్ అబిట్‌బోల్ అనే యూదుడు, ఆమె సంఘం బోధలో లోపల్లోపలే పొసగని చోటు చూపించాడు. తప్పు చేసినవాడికి మరణశిక్ష కోరితే, అతను పశ్చాత్తాపపడే అవకాశాన్ని మీరే తీసేస్తున్నారు కదా అన్నది ఆయన అడిగినదాని సారం. ఆ చిన్న పగులు పెద్దదైంది. 2012లో చెల్లెలితో కలిసి బయటికి వచ్చేసింది. ఆమె రాసిన ‘అన్‌ఫాలో’ 2019లో వచ్చింది. చివరి రోజుల్లో మెత్తబడ్డ తాతగారిని కూడా ఆ సంఘం వెలివేసిందని అందులో రాసింది.

గమనించండి, ఆమెను మార్చింది ఎగతాళి కాదు. ఎగతాళి చేసిన ప్రతివాడూ, లోకం మనల్ని ద్వేషిస్తుందన్న తాతగారి బోధను రుజువు చేసినవాడే అయ్యాడు. అలాంటి సంఘంలో చిక్కుకున్న మేనకోడలితోనో తమ్ముడితోనో మనం చేయగలిగిన మొదటి పని, వాళ్లు తిట్టినా సరే, ఫోన్ చేయడం మానకపోవడం.

ఇక నవలల సంగతి. క్రైస్తవ ప్రచురణ సంస్థలు వేసే నవలలకు ఒక బలహీనత ఉంది. బయటపడ్డ మనిషికి ఆఖరి అధ్యాయాల్లో సరైన సిద్ధాంతం, మంచి పాస్టరు, తరచుగా మంచి వరుడు కూడా దొరికేస్తారు. ఆత్మకథల్లో అలా జరగదు. బ్యాంకులో ఎకౌంటు తెరవడం తెలియదు, పుట్టినరోజు చేసుకుంటే చేయి వణుకుతుంది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా కలలో నాయకుడి గొంతు వినిపిస్తుంది. అయినా ఆ నవలల్లోనూ మంచివి ఉన్నాయి. ఫ్రాంక్ పెరెట్టి 1999 నాటి ‘ద విజిటేషన్’లో ఒక చిన్న ఊరికి వచ్చిన దొంగ క్రీస్తు ఒకప్పుడు బోధకుడైన తండ్రి చేతిలో నరకం చూసిన పిల్లవాడే. దయ్యం కథ రాయబోయి, దయ్యాన్ని తయారుచేసిన ఇంటి గురించి రాశాడు. ఫ్రాన్సిన్ రివర్స్ 1998లో రాసిన ‘ద లాస్ట్ సిన్ ఈటర్’ నాకు ఇంకా ఇష్టం. అపలేచియన్ కొండల్లో ఒక లోయ. శవం దగ్గర పెట్టిన రొట్టె తిని, పోయినవాళ్ల పాపాలు తనమీద వేసుకునే ఒక మనిషి. చీటీల్లో అతని పేరు వచ్చింది. ఇక ఎవరూ అతని ముఖం చూడకూడదు, అతను కొండమీద ఒంటరిగా బతకాలి. ఊరి పాపాన్నంతా మోసేవాడికి ఊళ్లో భోజనం లేదు. వెలి గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన క్రైస్తవ నవల నేను చదవలేదు.

బయటికి వచ్చినవాళ్లంతా దేవుణ్ని వదిలేశారనుకోవద్దు. మేగన్ విశ్వాసం వదిలేసింది. తాతగారు నడిపిన సంఘంలోంచి వచ్చి ‘గర్ల్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ద వరల్డ్’ రాసిన ఎలిజబెత్ ఎస్తేర్ క్యాథలిక్ అయింది. టీవీలో పందొమ్మిది మంది పిల్లల కుటుంబంగా పేరుపడ్డ డగ్గర్ల అమ్మాయి జింజర్, బిల్ గాథర్డ్ అనే బోధకుడు చెప్పినవాటి మీద 2023లో ‘బికమింగ్ ఫ్రీ ఇండీడ్’ రాసింది. భర్త గొడుగు కింద భార్య, ఆ గొడుగు కింద పిల్లలు, గొడుగు దాటితే సైతానుకు దొరుకుతారు అన్న బోధలో పెరిగిన పిల్ల. ఆమె బైబిలును వదల్లేదు, దానికి అల్లుకున్న గాథర్డ్‌ను విడదీసింది.

ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఇవన్నీ వెళ్లినవాళ్ల మాటలు, ఉండిపోయినవాళ్ల పక్షం ఏది? నిజమే. ఆత్మకథ ఒకరి జ్ఞాపకం. పైగా భయంకరమైన పేరు పెడితే పుస్తకం బాగా అమ్ముడుపోతుందని ప్రచురణకర్తలకు తెలుసు. సంఘానికి క్రమశిక్షణ ఉండకూడదనీ నేననను. కానీ ఉండిపోయినవాళ్ల సాక్ష్యానికి విలువ రావాలంటే, వాళ్లు వెళ్లగలిగి కూడా ఉండిపోయారని మనకు తెలియాలి. తలుపుకు తాళం వేసి, లోపలివాళ్లంతా సంతోషంగా ఉన్నారంటే ఎవరు నమ్ముతారు?

అలాంటివాడితో భోజనం చేయవద్దని పౌలు రాసిన మాట నిజం. అదే బైబిల్లో, సుంకరులతో కూర్చుని తింటున్నాడని నింద మోసినవాడు కూడా ఉన్నాడు. పిలవకుండానే జక్కయ్య ఇంటికి అతిథిగా వెళ్లాడు. ఈ రెంటిలో దేనితో దేన్ని చదవాలో వేదాంతులు తేల్చనివ్వండి. మామూలు విశ్వాసి తన సంఘం గురించి కొన్ని ప్రశ్నలు ఇవాళే వేసుకోవచ్చు. కానుకల లెక్క అడగవచ్చా? పాస్టరుగారు చెప్పింది పొరపాటని ఆయన ముందే అనవచ్చా? వేరే సంఘంలో జరిగే బంధువుల పెళ్లికి అనుమతి లేకుండా వెళ్లవచ్చా? మానేసినవాళ్ల ఇంట్లో అన్నం తిని, ఆ సంగతి దాచకుండా చెప్పవచ్చా?

ఇక్కడున్న సంఘ పెద్దలకు ఒక మనవి. చేరినవారి సాక్ష్యం వినే ఆచారం మనకు బాగా ఉంది. మైకు ఇస్తాం, చప్పట్లు కొడతాం, స్తోత్రం చెబుతాం. ఏడాదికి ఒక్క ఆదివారం, మన సంఘం వదిలి వెళ్లిన ఒకరిని పిలిచి ఎందుకు వెళ్లారో చెప్పమనండి. మధ్యలో ఆపకండి, చివర్లో ప్రార్థనలో జవాబు చెప్పకండి. తర్వాత మామూలుగా భోజనాలు పెట్టండి. పిలవడానికి మీ సంఘం భయపడితే, ఎందుకు భయపడిందో అక్కడే కూర్చుని మాట్లాడుకోండి.